ఫోను పద్దునకును మొలక పరీక్ష కావలెను

నేడు మన సముద్రతీర గ్రామములలో సెల్‌ఫోను లేని రైతు కుటుంబము అరుదు. అల్లూరు మొదలుకొని ముత్తుకూరు వఱకు ఏ యూరికి పోయినను కయ్యగట్టున నిలిచిన రైతు జేబులోను, రొయ్యల గుంటల కడ కావలిపాకలోను, మన సంఘపు వసారాలోను అది కానవచ్చుచునే యున్నది. మాటలాడుటకని కొన్న వస్తువు క్రమక్రమముగా మన పద్దుపుస్తకమైనది. గుంటకు ఎన్ని బస్తాల మేత దిగినది, దళారి ఏ కౌంటునకు ఏ ధర చెప్పినాడు, ధాన్యము పుట్టి యెంతకు బేరము కుదిరినది, ఎరువుల కొట్టున బాకీ యెంత నిలిచినది, కౌలుదారు ఏ తేదీన సొమ్ము చెల్లించినట్లు తెలిపినాడు, ఇవన్నియు నేడు వాట్సాప్ సందేశములలో నున్నవి. వరదకు తెగిన గట్టు ఫొటోయు, పట్టాదారు పాసుపుస్తకము ఫొటోయు అందే యున్నవి.

ఇట్టి వస్తువు మన ప్రాంతమున చెడుటకు కారణములు పెక్కులు. ఉప్పునీరు దానికి మొదటి శత్రువు. గుంటలో జారిపడిన ఫోనును ఎంత యారబెట్టినను లోపలి లోహపు అతుకులు తుప్పుపట్టక మానవు. తుపానులు రెండవ శత్రువు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదకు పడుగుపాడు వద్ద రైలుమార్గమును జాతీయ రహదారియు తెగిపోయినవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరము వెంబడి సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరము దాటినది. అట్టి దినములలో ఇల్లు విడుచువారు బిడ్డలను చూచుకొందురు, పశువుల తాళ్లు విప్పుదురు. ఫోను ఎచ్చట నున్నదని వెదకుచు నిలువరు, నిలువనుగూడదు.

ఫోను పోయిన, సొమ్ము పెట్టిన మఱియొకటి వచ్చును. అందలి పద్దు పోయిన, సొమ్ము పెట్టినను రాదు. దళారి తాను ఆ ధర చెప్పనే లేదనిన, చూపుటకు మన చేత ఏమియు నుండదు. గట్టు తెగిన దినమున తీసిన ఫొటో లేనిచో నష్టమును విచారింప వచ్చిన యధికారికి మన నోటిమాటయే మిగులును. కావున ఈ మాసమున వరిని గూర్చి గాని, రొయ్యను గూర్చి గాని వ్రాయక, ఈ పద్దు రక్షణమును గూర్చి మా యభిప్రాయమును సభ్యులకు విన్నవించుచున్నాము.

మా యభిప్రాయము క్లుప్తముగా నిది. తిరిగి దింపి చూడని మాఱుప్రతిని ఉన్నదని నమ్మరాదు. దానిని దింపుకొనుటకు కావలసిన తాళపుచెవులు రైతు చేతనే యుండవలెను గాని అంగడివాని చేత గాని, పొరుగువాని చేత గాని యుండరాదు.

మాఱుప్రతి యనగా ఫోనులోని వివరములను ఫోనునకు వెలుపల మఱియొక చోట గూడ నిలువచేయుట. దీనినే బ్యాకప్ అందురు. ఆ నిలువచోటునకు క్లౌడ్, అనగా మేఘము, అని పేరు పెట్టినారు. ఇది మనకు కార్తిక మాసమున వాన తెచ్చు మేఘము గాదు. భూమిమీదనే పెద్ద భవనములలో వరుసలుగా నిలిపిన కంప్యూటర్లకు మన వివరములు ఇంటర్నెట్టు మార్గమున పోయి చేరును. అట్టి కేంద్రమును మన రాష్ట్రమున విశాఖపట్టణములో నిర్మింతుమనియు, అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమనియు గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. మేఘమను పేరు విని ఇది మన బుద్ధికి అందని దని యెవ్వరును వెనుదీయనక్కఱలేదు. ఇది గాదె వంటిది. మనము పంపినది అందుండును, పంపనిది అందుండదు.

విత్తనముల విషయమున మేము గ్రామగ్రామమునను చెప్పు మాట మీరు ఎఱుగుదురు. గరిసెలో విత్తనము నిండుగా నున్నదని సంతోషించిన చాలదు. నారు పోయుటకు ముందు నూఱు గింజలను తడిగోనెలో చుట్టి యుంచి, మొలచినవి యెన్నో లెక్కింపవలెను. 80కి తక్కువ మొలచిన, అది విత్తనముగా పనికిరాదు. దంచుకొని తినుటకే తగును. ఆ లెక్క నారుమడిలో పోసిన పిదప తెలిసికొన్న ప్రయోజనము లేదు, అదను దాటిపోవును. ఫోను మాఱుప్రతియు నట్టిదే. ‘బ్యాకప్ ఆన్‌లో నున్నది’ అను మాట గరిసె నిండుగా నున్నదను మాట వంటిది. మొలచునో లేదో చూచినవాడు ఏడి?

మొదట, గింజ గరిసెకు చేరుచున్నదా యని చూడవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో మాఱుప్రతి సాధారణముగా ఫోను ఛార్జింగునందుండి, ఎవ్వరును వాడకుండగా, వైఫై దొరకినపుడు మాత్రమే పోవును. పట్టణమున ఇంటింట వైఫై గలదు గనుక ఈ యేర్పాటు వారికి చెల్లినది. మన యూళ్లలో పెక్కుమంది సిమ్ము కార్డుతో వచ్చు డేటాను మాత్రమే వాడుచున్నారు. అందువలన బ్యాకప్ ఆన్‌లో నున్నట్లు కనబడుచునే, నెలల తరబడి ఒక్క యక్షరమైనను పోకయుండుట గలదు. సెట్టింగ్స్‌లో గూగుల్ అనుచోట బ్యాకప్ పుటను తెఱచి, చివర ఏ తేదీన ప్రతి పోయినదో చూడుడు. తేదీ పాతదైన, మొబైల్ డేటాతోను పంపుటకు అనుమతి నిండు. లేదా నెలకొకసారి వైఫై గల చోటికి పోయి, ‘ఇప్పుడే బ్యాకప్ చేయుము’ అను మీటను నొక్కుడు.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఒక్క మీట నొక్కిన అన్నియు పోవని తెలిసికొనవలెను. గాదెలు మూడు. ఫోను బ్యాకప్ మొదటిది. అందు కాల్‌ల పట్టిక, మామూలు సందేశములు, ఫోను అమరికలు, యాపుల పట్టిక మొదలగునవి పోవును. గూగుల్ ఫొటోస్ రెండవది. దానిని వేఱుగా ఆన్ చేయవలెను. వాట్సాప్ మూడవది, దాని సెట్టింగ్స్‌లో చాట్స్ అనుచోట, చాట్ బ్యాకప్ అను పుటలో దానికి ప్రత్యేకపు ఏర్పాటు గలదు. అచ్చటను వైఫై మాత్రమేనా, మొబైల్ డేటాయు చెల్లునా యను ప్రశ్న వేఱుగా నుండును. సిమ్ము కార్డులో వ్రాసికొన్న పేర్లును, మాటలు రికార్డు చేసిన ఫైళ్లును, దిగుమతి చేసికొన్న కాగితములును ఈ మూటిలో దేనికిని తమంతట పోవు. పేర్లను సిమ్ములో గాక గూగుల్ ఖాతాలో వ్రాసికొనుడు. ముఖ్యమైన కాగితములను డ్రైవ్ అను గాదెలో మీ చేతులతోనే వేయుడు.

గాదెకు కొలత గూడ గలదు. గూగుల్ ఖాతాకు ఉచితముగా నిచ్చు చోటు 15 జీబీ. మెయిలు, డ్రైవ్, ఫొటోలు మూడును ఆ చోటిలోనే సర్దుకొనవలెను. ఫొటోలను పరిమితి లేక ఉచితముగా నుంచుకొను వసతి 2021 మే నెలతో ముగిసినది. ఆండ్రాయిడ్ ఫోనులలో వాట్సాప్ ప్రతి మొదట ఈ లెక్కలో చేరెడిది గాదు. 2024 నుండి అదియు చేరుచున్నది. ఆపిల్ ఫోనువారికి ఉచితముగా దొరకునది 5 జీబీ మాత్రమే. ప్రొద్దున్నే వచ్చు శుభోదయపు బొమ్మలును, ఒకే పెండ్లి వీడియో పదిసార్లును ఆ చోటును నింపివేయును. నిండిన పిదప క్రొత్త ప్రతి పోవుట ఆగిపోవును. తాలు నిండిన గాదెలో గట్టిగింజకు చోటెక్కడిది? కావున నెలకొకసారి తూర్పాఱబట్టుడు. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలను చేర్పకుండు మీట గలదు, దానిని వాడుడు.

ఇక మొలకెత్తించుటను గూర్చి. క్రొత్త ఫోనును తొలిసారి తెఱచినపుడే, పాత ఫోనులోని వివరములను దింపుకొందురా యని అది యడుగును. ఆ సమయమున పాత ఫోనులో నున్న గూగుల్ ఖాతా పేరును, దాని పాస్‌వర్డును ఇవ్వవలెను. పిదప ఏ తేదీనాటి ప్రతి కావలెనో చూపును. పాత ఫోను తెఱచుటకు వాడిన అంకెలను గాని, గీతను గాని యడుగును. ఆ ప్రతికి వేసిన తాళము అదియే. మాఱుప్రతి దింపుకొనుటకు ఈ మూడు ముక్కలు జ్ఞప్తిలో నుండవలెను: ఖాతా, పాస్‌వర్డు, పాత ఫోను తాళము.

మన రైతులకు నష్టము వచ్చుచున్నది ఇచ్చటనే. ఫోనును కొను దినమున, అంగడిలోని కుఱ్ఱవాడు త్వరగా పని ముగింపవలెనని ‘ఇవన్నియు ఎందుకు, పెద్దయ్యా’ అని ఆ ప్రశ్నను దాటవేసి, తనకు తోచిన పేరుతో క్రొత్త ఖాతా నొకదానిని తెఱచి ఫోనును చేతిలో పెట్టును. పాస్‌వర్డు వానికే తెలియును. మఱునాటికి వాడును మఱచును. ఇట్లు ఒక్కొక్క ఫోనునకు ఒక్కొక్క ఖాతా ఏర్పడును. పాత పద్దు పాత ఖాతాలో నుండును, దాని తాళపుచెవి ఎవ్వరి యొద్దను ఉండదు. పద్దు పోయినదని రైతు అనుకొనును. నిజమునకు పద్దు పోలేదు; గాదె యున్నది, గింజ యున్నది, త్రోవ మాత్రము తెలియకున్నది. రెండేండ్లు వాడక విడిచిన ఖాతాలను తొలగింతుమని గూగుల్ 2023లో నియమము చేసినది. కావున ఆ గాదెయు శాశ్వతముగా నిలువదు.

అందుచేత అంగడికి పోవునపుడు ఖాతా పేరును పాస్‌వర్డును కాగితముపై వ్రాసికొని పోవుడు. ‘క్రొత్త ఖాతా వలదు, పాతదియే వేయవలెను’ అని గట్టిగా చెప్పుడు. పాస్‌వర్డును మీరే నొక్కుడు. పాత ఫోను పనిచేయుచున్నచో, మార్పిడికి ఇచ్చుటకు ముందు క్రొత్తదానిలో పేర్లు, ఫొటోలు, సందేశములు అన్నియు వచ్చినవో లేదో కూర్చుండి చూచుకొనుడు. చూచుకొన్న పిదపనే పాతదానిని తుడిపి యిండు. ధాన్యము కాటాపై తూచి చూడక రశీదుపై వ్రేలు పెట్టని రైతు, ఇచ్చట మాత్రము తొందరపడనేల?

పాతఫోనులు కొనువారికి మఱియొక హెచ్చరిక. ఆండ్రాయిడ్‌లో క్రొత్త వెర్షన్ నడచు ఫోనునుండి తీసిన ప్రతి, పాత వెర్షన్ నడచు ఫోనులోనికి దిగదు. చవుకగా వచ్చినదని కొనుటకు ముందు ఆ సంగతి విచారింపుడు.

వాట్సాప్ విషయమున మఱి రెండు నియమములు. అదే ఫోను నంబరును, ప్రతిని దాచిన అదే గూగుల్ ఖాతాయు క్రొత్త ఫోనులో నుండవలెను. నంబరు సరిచూచిన వెంటనే ‘రీస్టోర్’ అని యొక మీట వచ్చును; దానిని దాటవేయరాదు. దాటవేసి వాడుక మొదలుపెట్టిన, క్రొత్తగా పోవు ప్రతి పాతదాని చోటును ఆక్రమింపవచ్చును. ఆ ప్రతికి ప్రత్యేకముగా తాళము వేయు వసతి 2021 నుండి గలదు. అది మంచిదే, కాని ఆ పాస్‌వర్డును మఱచిన వాట్సాప్ వారును తెఱువలేరు. ఆండ్రాయిడ్ నుండి ఆపిల్ ఫోనునకు మాఱువారికి గూగుల్ గాదెలోని వాట్సాప్ ప్రతి పనికిరాదు. రెండు ఫోనులును పనిచేయుచుండగా ప్రక్కప్రక్కన నుంచి మార్చుకొనవలెను.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి కాలము. ఫోనును 57 దినములు వాడకున్నచో దాని బ్యాకప్ తుడిచివేయబడునని గూగుల్ నియమము. ఉద్యోగికి ఫోను పోయిన, రెండు మూడు దినములలో క్రొత్తది కొనును. రైతు అట్లు గాదు. ‘పంట చేతికి రానీ, అప్పుడు చూతము’ అనును. ఎడగారు వరి కోతకు వచ్చుటకు నాలుగు నెలలైనను పట్టును. వనామీ రొయ్య పట్టుబడికి మూడు నాలుగు నెలలు పట్టును. నాట్లనాడు నీటిపాలైన ఫోనునకు బదులు కోతనాడు క్రొత్తది కొన్నచో, 57 దినములు ఎప్పుడో గడచిపోవును. గూగుల్ ఫొటోస్‌లో చేరిన ఫొటోలు, ఖాతాలో వ్రాసిన పేర్లు ఈ నియమమునకు లోబడవు, ఖాతా ఉన్నంతవఱకు నిలుచును. తక్కినవి పోవును. ఈ నియమము మన పంటకాలము నెఱిగి చేసినది గాదు గనుక మనమే దాని నెఱిగి మెలగవలెను. క్రొత్తది కొనుటకు సొమ్ము లేకున్న, ఇంటిలో మూలబడిన పాత ఫోను నొకదానిని పూర్తిగా తుడిపి, ఆ గడువులోగా అందు ప్రతిని దింపి యుంచుడు. దాని వెర్షన్ చాలునా యని మాత్రము ముందు చూచుకొనుడు.

ఫోను దొంగిలింపబడినను, ఎచ్చటనో జారిపోయినను, మొదట చేయవలసినది ప్రతిని దింపుకొనుట గాదు. మొదట సిమ్మును ఆపివేయుటకు కంపెనీవారికి చెప్పవలెను. పిదప బ్యాంకునకు చెప్పవలెను. పోలీసువారికి ఫిర్యాదు ఇయ్యవలెను. ఆ ఫిర్యాదు ప్రతితో, 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని తెఱచిన సంచార్ సాథీ ద్వారా ఫోనును ఎవ్వరును వాడకుండ బంధింపవచ్చును. అందుకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కావలెను. స్టార్, హాష్, 06, హాష్ అని నొక్కిన ఆ సంఖ్య కనబడును. ఫోను చేతిలో నున్ననాడే వ్రాసి యుంచుడు. సొమ్ము అపహరింపబడిన 1930 నంబరునకు వెంటనే తెలుపుడు.

అదే నంబరుతో క్రొత్త సిమ్ము తీసికొన్న పిదప 24 గంటలు సందేశములు రావు, పోవు. మోసగాండ్రను అడ్డుటకై టెలికాం శాఖ ఇట్లు నియమించినది. ఆ దినమున ఓటీపీ రాలేదని గాబరాపడి, ఎవ్వరో ఫోను చేసి సాయపడెదమనిన నమ్మి వివరములు చెప్పరాదు. ఒక్క దినము ఓర్చుకొన్న అన్నియు సర్దుకొనును. బ్యాంకు యాపులు, యూపీఐ పిన్ను ఏ మాఱుప్రతిలోను రావు, రాకుండుటయే క్షేమము. వానిని క్రొత్తగా నమోదు చేసికొనవలెను.

ఇంకొక చిక్కు పెక్కుమందికి తెలియదు. గూగుల్ ఖాతా తెఱచునపుడు, ‘ఇది మీరేనా’ యని కొన్నివేళల పాత ఫోనునకే ప్రశ్న పంపును. ఆ ఫోను గుంటలో నుండగా జవాబిచ్చువారెవరు? అందుకు రెండు మార్గములు గలవు. ఖాతాలో ఇంటివారి నంబరు నొకదానిని రికవరీ నంబరుగా ముందే వ్రాయించుట ఒకటి. రెండంచెల తాళము వేసికొన్నవారికి గూగుల్ ఇచ్చు పది బ్యాకప్ కోడులను కాగితముపై వ్రాసి, పాసుపుస్తకము దాచు పెట్టెలోనే దాచుట రెండవది. ఆ కాగితము ఫొటోను ఫోనులోనే దాచినవాడు పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే వేసి మూసినవానితో సమానుడు.

ఇందుకు కొందఱు పెద్దలు చెప్పు ఆక్షేపణలను మేము వినియున్నాము. ‘మా తాతలు చేతిపుస్తకమున వ్రాసినారు, మాకు అదియే చాలును’ అని యొక మాట. చేతిపుస్తకము మానవలదనియే మేమును చెప్పుచున్నాము. కాని దళారి పంపిన సందేశమును చేతిపుస్తకములోనికి దించిన అది మన వ్రాతయే యగును గాని అతని మాట కానేరదు. వరదలో పుస్తకమును తడిసిపోవును. రెండును ఉండుట మేలు.

‘మన గుట్టు పరదేశపు కంపెనీ గాదెలో వేయనేల’ అని మఱియొక మాట. ఇది తోసివేయదగినది గాదు. రహస్యమైనవి అందు వేయవలదు. ఆధారు కార్డు, బ్యాంకు పిన్ను వ్రాసిన కాగితము ఫొటోలను ఫోనులోనే యుంచరాదు. క్లౌడ్ వలదనువారు మెమొరీ కార్డులోనికి గాని, పెన్ డ్రైవులోనికి గాని నెలకొకసారి ఫొటోలను ఎక్కించి వేఱొక ఇంట దాచవచ్చును. ఏదియో యొకటి చేయుడు. ఏదియు చేయకుండుట మాత్రము మా దృష్టిలో వివేకము గాదు.

‘మా పిల్లవాడు బెంగుళూరున నున్నాడు, అన్నియు వాడే చూచుకొనును’ అను మాట తఱచుగా వినుచున్నాము. కొడుకు తెలివియందు మాకు సందేహము లేదు. అతడు తన ఖాతానే తండ్రి ఫోనులో వేసియుండుట, తల్లి ఫోనులోను దానినే వేసియుండుట మాకు తెలిసిన సంగతియే. అప్పుడు ముగ్గురి పద్దులు ఒక్క గాదెలో కలగలిసి, ఎవ్వరిదేదో తెలియకపోవును. మహిళా సంఘముల లెక్కలు వ్రాయు సోదరీమణులు ఈ విషయమున మఱింత జాగ్రత్త వహింపవలెను. పదిమంది పొదుపు లెక్క ఇంటిలోని కుఱ్ఱవాని ఖాతాలో నుండరాదు. పెద్దవారికి పెద్దవారి ఖాతా, స్త్రీలకు స్త్రీల ఖాతా వేఱువేఱుగా నుండవలెను. పిల్లలు నేర్పవలెను, తాళపుచెవి తీసికొనరాదు.

ఇక మన సంఘముల కర్తవ్యము. 63,000 ప్రాథమిక పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరు కెక్కించుటకు 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. సంఘపు పుస్తకము నొక్కచోటనే యుంచరాదని, అది నలుగురు సరిచూడదగినదై యుండవలెనని ప్రభుత్వమే యొప్పుకొన్నది. సభ్యుని పుస్తకమునకు మాత్రము ఈ రక్ష లేదు. సంఘమున నతని బాకీ సురక్షితముగా నున్నది. అతనికి బయట రావలసిన సొమ్ము లెక్క ఉప్పునీటి యంచున నున్నది. ఇది న్యాయము గాదని మా యభిప్రాయము.

కావున పాలకవర్గముల వారికి మా సూచన యిది. ఏటేట సెప్టెంబరు మాసమున, ఈశాన్య ఋతుపవనము రాకముందే, సంఘ కార్యాలయమున ఒక్క దినము మాఱుప్రతి పరీక్ష పెట్టవలెను. ఆ దినమునకు వైఫై నేర్పాటు చేయవలెను. ఊరిలో చదువుకొన్న యువకులను, యువతులను నలుగురిని పిలిచిన చాలును. ప్రతి సభ్యుని ఫోనులో మూడు గాదెల తేదీలను చూడవలెను. కార్యాలయమున తుడిచి యుంచిన ఫోను నొకదానిని పెట్టి, అందు సభ్యుడు తన చేతులతో ఖాతా తెఱచి, పేర్లును ఫొటోలును దిగివచ్చుట కన్నులార చూచి, పిదప తానే దానిని తుడిపి లేవవలెను. ఇది యొక మొలక పరీక్ష. వాట్సాప్‌ను మాత్రము ఆ ఫోనులో తెఱువవలదు. తెఱచిన సభ్యుని చేతి ఫోనులో అది ఆగిపోవును. దానికి తేదీని చూచుట చాలును.

పరీక్ష ముగిసిన పిదప సభ్యుని పుస్తకమున ఒక పంక్తి వ్రాయవచ్చును: ఖాతా పేరు, ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య, పరీక్షించిన తేదీ. పాస్‌వర్డును మాత్రము ఎన్నడును వ్రాయరాదు. ‘గుమాస్తా వద్ద నుండిన భద్రముగా నుండును గదా’ అని కొందఱు అడుగవచ్చును. గుమాస్తా ఎంతటి సత్యసంధుడైనను సరే, వలదు. ఆ పాస్‌వర్డుతో రైతు ఫొటోలు, ఉత్తరములు, పరిచయస్థుల పేర్లు అన్నియు తెఱువబడును. నమ్మకము మంచిదే గాని, పరుల తాళపుచెవులను మోయుట సంఘపు పని గాదు. పైగా ఏదేని పొరపాటు జరిగిన ఆ నింద నిర్దోషియైన గుమాస్తాపై పడును. సహకారమనగా ఒకరి పనిని మఱియొకరు చేసిపెట్టుట గాదు. ఎవరి పని వారు చేసికొనునట్లు ఒకరికొకరు నేర్పుట.

ఈ పరీక్షకు సంఘము వెచ్చింపవలసినది మిక్కిలి స్వల్పము. ఒక్క బేరమున దళారి మాట తప్పినపుడు ఒక్క సభ్యుడు పోగొట్టుకొను సొమ్ముతో పోల్చిన అది లెక్కలోనిది గాదు. వచ్చు మహాసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. మహాసభ వఱకు వేచియుండవలసిన పని మాత్రము లేదు. ఈ పత్రిక చేరిన దినముననే దీపము పెట్టువేళ ఇంటివారందఱు కూర్చుండి, చివరి ప్రతి ఏ తేదీనాటిదో చూడుడు. ఖాతా పేరును పాస్‌వర్డును కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచుడు. అరగంట పని. తుపాను హెచ్చరిక వచ్చిన పిదప ఆ యరగంట దొరకదు.